వాషర్ కింద ఎరుపు

డిష్ నిలబడాలంటే నాలుగు బోల్టులు కావాలి. మూడు చాలని చెప్పేవాళ్ళు ఈ పనిలో ఉన్నారు. ఆషాఢంలో ఆడి గాలి వచ్చాక వాళ్ళ డిష్‌లు పక్కింటి మేడ మీద దొరుకుతాయి. మేము ఇరవై రెండేళ్ళుగా నాలుగే వేస్తున్నాం. మా ఆయన పాండియన్ బిగిస్తాడు. తర్వాత నేను పైకెక్కి ఒక్కొక్క బోల్టునూ చేత్తో పట్టి చూసి, దాని తల మీద నుంచి కింది ఇనుప పట్టీ దాకా ఎర్ర గోళ్ళరంగుతో చిన్న గీత గీస్తాను. బోల్టు ఎప్పుడైనా కదిలితే ఆ గీత రెండు ముక్కలవుతుంది. చూడగానే తెలిసిపోతుంది. తమిళనాట మేముండే పోదనూరులోనూ పక్కనున్న సింగానల్లూరులోనూ ఎర్ర గీత ఉన్న డిష్ మాదేనని అందరికీ తెలుసు. అంగడికి బోర్డు కట్టడం కన్నా అది నయమని నేను లెక్క వేసుకున్నాను.

ఆ సంవత్సరం మార్చి నెలలో సింగానల్లూరులో నాలుగంతస్తుల ఇంటి మీద పని. పాండియన్ సిగ్నల్ పట్టడానికి అరగంట తీసుకునే మనిషి. ఆ రోజు రెండున్నర గంటలైనా కిందికి రాలేదు. ఎక్కి చూశాను. నీళ్ళ ట్యాంకుకు వీపు ఆనించి, రెండు అరచేతులూ నేలకు ఒత్తి, తన కాలి వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం మామా, సిగ్నల్ దొరకలేదా?"

"దొరుకుతుందిలే. ఎండ గదా, కొంచెం నీడకు కూసుంటిని."

నీడ ట్యాంకుకు అవతలి పక్కన ఉంది. ఆయన కూర్చున్నది మండే ఎండలో.

డిష్ నేనే తిప్పాను, ఆయన కూర్చున్నచోటు నుంచే చెప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో చూడటం మొదలుపెట్టాను. పొద్దున పడక మీద నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. ఎప్పుడూ ఎడమ పక్కకే తిరిగి పడుకుంటున్నాడు. దండెం మీది లుంగీ తీయాలంటే తల ఎత్తకుండా చేత్తో తడుముతున్నాడు. ఇన్ని గుర్తులు కలిపితే వచ్చే జవాబు ఒక్కటే. తల తిరుగుతోంది.

మేడలెక్కే మనిషికి తల తిరుగుతుందని బయట తెలిస్తే మమ్మల్ని ఎవరు పిలుస్తారు? అసలే జనం ఫోన్లలో సినిమాలు చూస్తూ డిష్‌లు పీకేస్తున్న కాలం. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. ఆయన దాచాడు, ఆయన దాచిన సంగతి నేను దాచాను. ఒకే ఇంట్లో రెండు మూటలు.

బాలసుందరంగారి పని వచ్చింది అప్పుడే. వాళ్ళదీ మాలాగే తెలుగు మాట్లాడే పాత భూముల కుటుంబం. ఆ తర్వాత మగ్గాల షెడ్డు, అదీ మూతబడ్డాక ఆ షెడ్డులోనే మూడు కారవాన్ బండ్లు. లోపల పడక, వంటగట్టు, కక్కసు, ఏసీ అన్నీ ఉన్న ఇల్లులాంటి బండ్లు. సెలవుల్లో కుటుంబాలకు బాడుగకిచ్చి వాల్పారై కొండకు పంపాలని ఆయన ఆలోచన.

"ఏమ్మా అమరావతీ, కొండ మీద ఫోన్ సరింగా పలకదు. సాయంత్రానికి క్రికెట్ లేకుంటే మగోళ్ళు రారు, సీరియల్ లేకుంటే ముసలోళ్ళు రారు. మూడు బండ్లకీ డిష్ పెట్టల్ల. చేస్తువా?"

"చేస్తామయ్యా. బండి ఎత్తు ఎంత?"

"ఎత్తు నీకేంటికి?"

"బ్రాకెట్టు కొలతకు."

పదిన్నర అడుగులన్నాడు. నేను అడిగింది బ్రాకెట్టు కోసం కాదు. నాలుగంతస్తులంటే నలభై అయిదు అడుగులు. పదిన్నర అడుగుల మీద నుంచి మా వీధి పిల్లలు ఆటకు దూకుతారు. మా ఆయనకు ఈ వేసవి గడవడానికి ఇంతకన్నా మంచి పని దొరకదనుకున్నాను. ఒక సీజను నేల దగ్గరగా పని చేస్తే ఆ తల తిరుగుడు దానంతటదే పోతుందనీ అనుకున్నాను. నా జన్మలో వేసిన లెక్కల్లో అంత తప్పు లెక్క ఇంకొకటి లేదు.

ఏప్రిల్ నడుమ పని మొదలైంది. మూడు బండ్లకీ నదుల పేర్లు రాయించారు. నొయ్యల్, భవాని, అమరావతి. మా కూతురు సత్య మూడో బండి ముందు నిలబడి పగలబడి నవ్వింది. అది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, స్పిన్నింగు మిల్లులో చేరి, అక్కడి సూపర్వైజరు నోటికి తాళలేక మానేసి, మాతోనే తిరుగుతోంది.

"అమ్మా, నీకు ఏసీ పెట్టించిరి. నంబరు ప్లేటు గూడా కట్టిరి. ఇంక నీ బాడుగ ఎంతో అడుగు!"

షెడ్డు మొదట్లో నీడలో కుర్చీ వేసుకుని బాలసుందరంగారి తల్లి కృష్ణమ్మాళ్ కూర్చుని ఉంది. నేను నిచ్చెన తెచ్చి బండికి ఆనించగానే చెయ్యి ఎత్తింది.

"ఎవురు ఎక్కేది?"

"ఆయన ఎక్కి బిగిస్తాడమ్మా. తర్వాత నేను ఎక్కి చూస్తాను."

"నువ్వు వద్దు. పోయిన శుక్రవారమే పూజ అయిపాయె. లోపల పటంలో పెరుమాళ్ళు ఉండాడు. ఆడమనిషి ఆయన నెత్తిన కాలు పెట్టేది వద్దు."

"నేను చూడకుండా మేము పని ఒప్పచెప్పమమ్మా. గీత పెట్టల్ల."

"రంగే గదా? వాడినే పెట్టమను."

బాలసుందరంగారు నా వైపు చూడకుండా, "అమ్మా సొన్నా సెరింగ," అమ్మ చెబితే సరేనని తమిళంలో అని, బండి అద్దం తుడవసాగారు. తల్లి మాట దాటి ఆయన నాకోసం ఇంకో మాట అనరని దాని అర్థం.

అప్పుడే టీ వచ్చింది. వాళ్ళకు స్టీలు గ్లాసుల్లో, మాకు కాగితం కప్పుల్లో. పూర్వం మావాళ్ళకు కొబ్బరి చిప్పలో పోసేవాళ్ళట. కాగితం కప్పును ఇప్పుడు శుభ్రత అంటారు. "మీరు యాడ తెలుగోళ్ళు?" అని అడిగింది కృష్ణమ్మాళ్. "పోదనూరమ్మా," అన్నాను. "ఊ," అని అంతటితో ఆపింది. ఆమెకు కావలసింది, అంటే మా కులం, తెలిసిపోయింది.

పట్టుబట్టితే మూడు బండ్లూ పోతాయి. వాటితో పాటు మా ఆయనకు దొరికిన పదిన్నర అడుగుల నెమ్మదీ పోతుంది. నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళి, గోళ్ళరంగు సీసా తీసి పాండియన్ చొక్కా జేబులో వేశాను. ఇరవై రెండేళ్ళలో ఆ సీసా నా చేయి దాటడం అదే మొదలు.

"నన్ను పెట్టమంటువా?" అన్నాడు.

"బిగించినాక పెట్టు మామా. ముందు పెట్టద్దు."

"నాకే చెప్తుండావే," అని నవ్వి ఎక్కాడు.

కారవాన్ మీద డిష్ అంటే ఇంటి మీద డిష్ లాంటిది కాదు. ఇల్లు కదలదు. బండి కదిలేటప్పుడు డిష్ పైకప్పు మీదికి మడిచి పడుకోబెట్టి పిన్ను వేయాలి. ఆగినచోట వెనక నిచ్చెన ఎక్కి పైకి లేపి, ఆగ్నేయానికి తిప్పి, దాదాపు నడినెత్తికి చూపించాలి. అందుకని బ్రాకెట్టుకు బలం చాలా కావాలి. పైకప్పు రేకు కింద ఇనుప పైపు ఎక్కడ పోతుందో తట్టి చూసి, దానికే నాలుగు కన్నాలు వేశాం. కేబుల్ దిగేచోట రబ్బరు, దాని చుట్టూ నీళ్ళు కారకుండా మైనం లాంటి పూత. లోపల సత్య టీవీని గోడకు బిగించి, సెట్‌టాప్ పెట్టెను అలమారలో పట్టీతో కట్టింది.

మొదటి రోజు నొయ్యల్, రెండో రోజు భవాని. రెండూ బాగానే అయ్యాయి. ఆయన దిగడానికి మాత్రం ప్రతి మెట్టు మీదా ఆగాడు.

మూడో రోజు పదిహేడో తారీఖు. షెడ్డు రేకులు నెత్తి మీద కాలుతున్నాయి. భవాని బండి ఇంజిను వేసి డ్రైవరు ఏసీ సరిచూస్తున్నాడు. నేను 'అమరావతి' వెనక నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. బ్రాకెట్టు వెనక వైపు రెండు బోల్టులూ నిచ్చెన మీద నుంచే అందుతాయి. ముందు రెండూ అందాలంటే కప్పు మీద పడుకోవాలి. పైన షెడ్డు రేకుకూ బండికీ మధ్య మూడడుగుల సందే. పక్కకు తిరిగి పడుకుని, మెడ వంచి బిగించాలి.

ఒక బోల్టు బిగియడానికి స్పానరు దాదాపు నలభై సార్లు టకటకమంటుంది. చివర ఒక పెద్ద మూలుగు. నా చెవికి అది అలవాటు. మొదటిది విన్నాను. రెండోది విన్నాను. తర్వాత ఆయన కప్పు మీదికి పాకాడు. పాదాలు మాత్రం కనిపించాయి. ఆ పాదాలు కదలలేదు.

"మామా?"

"ఆ... ఆ."

ఎంతసేపటికీ టకటక లేదు.

"మామా, ఏమాయె?"

"ఏమీ లేదు. రంగు పెడ్తుండా."

దిగి వచ్చి బండి మెట్టు మీద కూలబడ్డాడు. షెడ్డంతా పొయ్యిలా ఉంటే ఆయన నుదురు చల్లగా ఉంది.

"నాలుగూ అయిందా?"

"అయింది."

"సెరి," అన్నాను.

ఇంజిను శబ్దంలో నాకు వినపడి ఉండదని చెప్పుకున్నాను. ఆ మాట నమ్మడానికి నాకు ఎంత తక్కువ సేపు పట్టిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

బండిని ఎండలోకి తీశారు. 'అమరావతి' డ్రైవరు సెంతిల్ మా పోదనూరువాడే, మాకు రెండు వీధుల అవతల ఇల్లు. చెప్పిన పని ఒక్కసారికే పట్టుకునే మనిషి. వెనక నిచ్చెన ఎక్కి డిష్ లేపాడు. పాండియన్ నేల మీద నుంచి చెప్పాడు. "ఎడమకు. ఇంకా. వేలెడు. నిలుపు!" లోపల నుంచి సత్య కేక వేసింది. బొమ్మ వచ్చింది. కృష్ణమ్మాళ్ లేచి వచ్చి భక్తి చానెలు పెట్టించుకుని, "తెల్లంగా ఉండాది," అంది. ఆమె నోట అదే పెద్ద మెప్పు.

దాదాపు మూడు వారాలు మంచిగా గడిచాయి. సెలవులు మొదలయ్యాయి, బండ్లు ఒక్కరోజు కూడా షెడ్డులో నిలవలేదు. ఇంకో రెండు బండ్లు వస్తున్నాయనీ, అవీ మీకేననీ బాలసుందరంగారు చెప్పారు. పాండియన్‌ను ఆ నెలంతా ఏ మేడా ఎక్కనివ్వలేదు నేను. వచ్చిన మేడ పనులకు ఏదో ఒక సాకు చెప్పాను.

మే ఆరున వాల్పారై నుంచి దిగుతుంటే, ఒక మలుపులో 'అమరావతి' మీది డిష్ బ్రాకెట్టుతో సహా ఊడి వెనక వచ్చే జీపు మీద పడింది. జీపు అద్దం పగిలి, నడిపే అతనికి కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. అర అంగుళం కిందైతే దక్కేది కాదు.

మరునాడు షెడ్డుకు రమ్మన్నారు. నేనూ పాండియనూ వెళ్ళాం. బల్ల మీద వంగిపోయిన డిష్, పక్కన బ్రాకెట్టు పట్టీ. పిన్ను దొరకలేదు. సెంతిల్ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"డిష్ మడవకుండా నడిపినాడు," అన్నారు బాలసుందరంగారు. "కొమ్మకు తగిలి పీక్కొని వచ్చింది. అంతే గదా?"

"లేదయ్యా," అన్నాడు సెంతిల్. "మడిస్తిని. పిన్ను వేస్తిని. చేత్తో ఆడించి గూడా చూస్తిని."

"పిన్ను వేసింటే ఎట్లా వస్తుంది రా? దానంతటదే లేచి వచ్చెనా?" ఆయన నా వైపు తిరిగారు. "అమరావతీ, నువ్వు చూసి చెప్పు. నీ గీతల సంగతి నీకే తెలుసు."

పట్టీ చేతిలోకి తీసుకున్నాను. నాలుగు కన్నాలు. వెనక వైపు రెండింటి చుట్టూ, బోల్టు తల కింద ఉండే వాషర్ ఒత్తుకున్న గుండ్రటి అచ్చు మెరుస్తోంది. అక్కడ బోల్టులు విరిగేదాకా పట్టుకున్నాయి. ముందు వైపు రెండు కన్నాల చుట్టూ అచ్చు లేదు. వాషర్ ఉండాల్సినచోట, కన్నం అంచు దాకా ఎర్రరంగు కారి ఎండి ఉంది. బిగించిన బోల్టు కిందికి రంగు పోదు. పోయిందంటే రంగు పెట్టేనాటికి బోల్టు లేచి ఉందన్నమాట. ఆ షెడ్డులో ఈ సంగతి చదవగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. రెండోవాడు తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు.

"వెలుతురు చాల్లేదయ్యా," అని వాకిలి వైపు తిరిగాను. తిరిగి, పట్టీని పొట్టకు ఆనించుకుని, బొటనవేలి గోటితో ఆ ఎరుపు గీకాను. గోళ్ళరంగు ఎండితే పొర పొరగా లేస్తుంది. ఒక కన్నం. ఇంకో కన్నం. ఊపిరి నాలుగైదు సార్లు తీసుకునేంత సేపు.

"బోల్టులు విరిగినట్టుండాదయ్యా," అన్నాను తిరిగి వచ్చి. "ఏదో గట్టిగా తగిలింటుంది."

సెంతిల్ పేరు నేను ఎత్తలేదు. కొమ్మ అని కూడా అనలేదు. మిగతాది బాలసుందరంగారే పూర్తి చేశారు. సెంతిల్ బండి తాళం బల్ల మీద పెట్టి, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున సెంతిల్ భార్య ముత్తుసెల్వి వచ్చింది. చేతిలో అయిదారు మునగకాయలు.

"అక్కా, మా ఇంట్లో చెట్టు కాసింది."

"కూసో ముత్తుసెల్వి."

ఆమె కూర్చోలేదు. "అక్కా, మా ఇంటాయన తాగడని నేను చెప్పను. ఆదివారం తాగుతాడు. కోపం వస్తే గిన్నెలు గూడా ఇసురుతాడు. అబద్ధం మాత్రం చెప్పడు. పిన్ను వేస్తినంటే వేసింటాడు. నీ మాటకు ఆ షెడ్డులో మరియాద ఉండాది. ఇంకొకసారి చూసి ఒక్క మాట చెప్పు."

"నేను చూసిందే చెప్తిని, ముత్తుసెల్వి."

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. "సెరి అక్కా," అని, మునగకాయలు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. తిరిగి ఇచ్చేయడానికి వీధి మలుపు దాకా వెళ్ళాను. పిలవకుండానే కాయలతో వెనక్కి వచ్చాను.

తర్వాతి అయిదు రోజులూ సత్య నాతో సరిగా మాట్లాడలేదు. షెడ్డులో ఏమి జరిగిందో దానికి మేము చెప్పలేదు. అదీ అడగలేదు. ఒకసారి మాత్రం, "అమ్మా, ఆ పట్టీ ఫోటో తీసినావా?" అంది. లేదన్నాను. "ఎప్పుడూ తీస్తువే," అంది.

మునగకాయలు వాడిపోతున్నాయని అయిదో రోజు మధ్యాహ్నం సాంబారు చేశాను. పాండియన్‌కు అన్నం పెడుతున్నాను. గరిటె పట్టుకున్న నా చేతినే చూస్తున్నాడు.

"బొటనవేలి గోట్లో ఏంది అది?"

చూసుకున్నాను. రోజూ గిన్నెలు తోముతున్నాను, బట్టలు ఉతుకుతున్నాను. అయినా గోటి మూలలో, లోపలికి, సన్నటి ఎర్ర చార మిగిలి ఉంది.

"రంగు," అన్నాను.

"కొత్త పని ఏమీ చేయలేదే మనం."

గరిటె గిన్నెలో పెట్టాను. ఆయన పళ్ళెంలోనే చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అట్లాగే ఉంది.

"నాకు తల తిరిగేది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మార్చి నుంచి. నీళ్ళ ట్యాంకు కాడ."

"నాకు జనవరి నుంచి." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి ఆపేశాడు. "ఆ పొద్దు నాలుగూ వేస్తినని చెప్తినే. నువ్వు నమ్మితివా?"

నమ్మానని ఒక్క మాట అంటే తప్పంతా ఆయనదే అయ్యేది. అనాలనే నోరు తెరిచాను.

"రెండే వింటిని మామా," అన్నాను.

ఆయన తల ఆడించాడు. లేచి, మేకుకు తగిలించిన చొక్కా తల ఎత్తకుండా తడిమి తీసుకున్నాడు. "రా," అన్నాడు. సత్య వంటింటి గడప మీద నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటున్నదో తెలియదు. అదే మా బండి తీసింది, మేమిద్దరం వెనక కూర్చున్నాం.

షెడ్డులో నొయ్యలూ భవానీ బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. కృష్ణమ్మాళ్ కుర్చీలోనే ఉంది. పాండియన్ ఉపోద్ఘాతం ఏమీ పెట్టలేదు.

"ముందు రెండు బోల్టులూ నేను బిగించలేదయ్యా. పడుకుంటే కండ్లు తిరిగె. వాంతి వచ్చేట్టాయె. రంగు మాత్రం పూసి దిగితిని. సెంతిల్ మీద తప్పు లేదు."

బాలసుందరంగారు ఆయనను చూడలేదు, నన్ను చూశారు. "నువ్వు పట్టీ చూస్తివి గదమ్మా?"

"చూస్తినయ్యా."

"అప్పుడు?"

"రంగు గీకేస్తిని."

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడు నేను ఊరకే పక్కన నిలబడితే చాలనుకున్నాను. బాలసుందరంగారు చేయి ఎత్తి బయలుదేరే బండ్లను ఆపించారు. తర్వాత, "ఒకే బాస మాట్లాడేవాళ్ళని నమ్మితినే," అన్నారు. నాకు కాగితం కప్పు గుర్తొచ్చింది. కానీ ఆ రోజు నమ్మకం తప్పింది మేమే.

"ఈ రెండు బండ్లు?" అన్నారు.

"అవి గట్టివే," అన్నాడు పాండియన్. "అయినా చూడల్ల."

"ఎవురు చూసేది? నువ్వా?"

కుర్చీలో నుంచి కృష్ణమ్మాళ్ అంది. "ఆ యమ్మనే ఎక్కి చూడమను."

నేను ఆమె వైపు చూశాను. ఆమె చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

చెప్పులు విడిచి ఎక్కాను. నొయ్యల్ మీద నాలుగు, భవాని మీద నాలుగు. ఎనిమిదింటినీ పట్టి చూశాను. ఒక్కటీ కదల్లేదు. నా పాదాల కింద, బండి లోపల, పెరుమాళ్ళ పటం ఉంది. ఆ రోజు ఆయనకు ఏ అభ్యంతరమూ కలగలేదు. ఏప్రిల్‌లో కూడా కలిగి ఉండేది కాదు. నేను ఇంకొక్క మాట గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ లెక్క వేస్తుంటాను. అది తేలే లెక్క కాదు.

ఆ షెడ్డులో మా పని అంతటితో సరి. సెంతిల్‌ను రమ్మని బాలసుందరంగారు మనిషిని పంపారు. అతను రాలేదు. తొమ్మిది రోజులు తన మాటకు విలువ లేనిచోట మళ్ళీ తాళం పట్టనన్నాడట. తిరుప్పూరులో బనియన్ కంపెనీ బండికి చేరి, వారానికొకసారి ఇంటికి వస్తున్నాడు. ముత్తుసెల్వి చాలా రోజులు మా వీధిలోకి రాలేదు.

సత్య వాళ్ళ నాయనను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఆయనను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి చటుక్కున పడుకోబెట్టింది. కళ్ళు గిర్రున తిరిగాయి. అట్లాగే పట్టుకుని, ఆగి, ఇంకో పక్కకు తిప్పి, మళ్ళీ ఆగి, లేపింది. పావుగంట పట్టలేదు. చెవిలోపల కదిలిన నలుసు చోటికి చేరుతుందనీ, రెండు మూడు సార్లు చేస్తే చాలనీ చెప్పింది. పడుకున్నా మెడ తిప్పినా తల ఎత్తినా వచ్చే జబ్బట అది. ఎత్తుతో దానికి పని లేదు. నలభై అయిదు అడుగుల మీద నిలబడి చేసే పని తప్పించి, పదిన్నర అడుగుల మీద పడుకుని చేసే పనికి పంపింది నేనే.

"జనవరిలోనే వచ్చింటే జనవరిలోనే పోయేదే," అంది డాక్టరమ్మ తమిళంలో. పాండియన్ నన్ను చూశాడు. నేను కిటికీ చూశాను.

తగ్గింది. అయినా ఎక్కడు. ఎక్కమని నేనూ అనను. ఇంటి ముందు కూర్చుని బ్రాకెట్లు కోసి, కన్నాలు వేసి ఇస్తాడు. పైకి ఎక్కేది సత్య. గోళ్ళరంగు సీసా ఇప్పుడు దాని దగ్గర ఉంది. గీత పెట్టి, ఫోటో కూడా తీస్తుంది.

జూన్‌లో ఒక సాయంత్రం, మా పక్క వీధిలో మిద్దె మీద పని. గాలి మొదలైంది, తుంపర పడుతోంది. సత్య బిగిస్తోంది, నేను పక్కన డిష్ పట్టుకున్నాను. వీధిలో ముత్తుసెల్వి నీళ్ళ బిందెతో పోతోంది. తల ఎత్తి చూసింది. నేను చెయ్యి ఎత్తాలా వద్దా అని ఆలోచించేలోగా దాటిపోయింది.

"నాలుగూ అయిందమ్మా," అంది సత్య స్పానరు తీస్తూ.

కింద వీధి అరుగు మీద నుంచి పాండియన్ గట్టిగా అరిచాడు. "కాలేదు! నాలుగోది మూలగలేదు. ఇంకా అర చుట్టు ఉండాది!"

సత్య నా వైపు చూసింది. స్పానరు మళ్ళీ పెట్టి లాగింది. అర చుట్టు తిరిగి, మూలిగి, నిలిచింది.

ఆ అరుపు ఏప్రిల్ పదిహేడున నేను అరవాల్సింది.